అప్పు లెక్క ఉంది, జీతం లెక్క లేదు

పెద్ద బట్టల కంపెనీ ఒకటి దివాలా తీస్తే, బ్యాంకులకు ఎంత బాకీ పడిందో మర్నాడు పేపర్లో కోట్లతో సహా వస్తుంది. ఎన్ని షాపులు మూశారో కూడా వస్తుంది. ఆ షాపుల్లో రోజంతా నిలబడి చీరలు విప్పి చూపించినవాళ్లు, బిల్లులు కొట్టినవాళ్లు, గోడౌన్‌లో మూటలు మోసినవాళ్లు ఎందరో చెప్పడానికి మాత్రం 'వేలాది మంది' అన్న ఒక్క మాట సరిపోతుంది. ఆ బట్ట నేసినవాళ్లకు ఆ ఒక్క మాట కూడా దక్కదు.

ఈ సంగతి ఆలోచించడానికి వేలూరు, గుడియాత్తం మంచి చోటు. వేలూరు అమ్మే ఊరు. సీఎంసీ ఆసుపత్రికి వచ్చే రాయలసీమ జనం, కాట్పాడిలో రైలు దిగే చిత్తూరు జనం, రాణిపేట, ఆంబూరు తోళ్ల ఫ్యాక్టరీల్లో బోనస్ అందుకున్న కుటుంబాలు పండగ బట్టలకు చేరేది అక్కడికే. తెలుగులో అడిగితే కౌంటర్లో తెలుగులోనే జవాబొస్తుంది. గుడియాత్తం నేసే ఊరు. పలమనేరు వైపు నుంచి దిగే కౌండిన్య నది ఒడ్డున ఉంది, లుంగీకి పేరుమోసింది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడక ముందు పలమనేరు, గుడియాత్తం, వేలూరు అన్నీ ఉత్తర ఆర్కాటే. ఇప్పుడు రాష్ట్రాలు వేరైనా బట్ట వ్యాపారం ఆ గీతను పెద్దగా పట్టించుకోదు. అమ్మే ఊరికీ నేసే ఊరికీ మధ్య నలభై కిలోమీటర్లు లేదు. అయినా అమ్మే చోట ఉద్యోగం పోతే ఒక చట్టం, నేసే చోట పని పోతే ఏ చట్టమూ లేదు.

షాపుల వ్యాపారంలో మన కాలంలో దేశం చూసిన అన్నిటికన్నా పెద్ద పతనం ఫ్యూచర్ గ్రూపుది. దాని స్థాపకుడు కిశోర్ బియానీ 1987లో ప్యాంట్లు అమ్మే చిన్న కంపెనీతో మొదలుపెట్టాడు. 1997లో కోల్‌కతాలో పాంటలూన్స్ షాపు, 2001లో కోల్‌కతా, బెంగళూరు, హైదరాబాదుల్లో వరసగా బిగ్ బజార్లు, 2004లో హైదరాబాదు పంజాగుట్టలో సెంట్రల్. బిగ్ బజార్ అంటే చవక సరుకుల కొట్టుగా జనంలో పేరుపడింది కానీ పప్పు ఉప్పుల మీద కన్నా బట్టల మీద మిగులు ఎక్కువ. ఎఫ్‌బీబీ పేరుతో బట్టల విభాగాన్ని విడిగా పెంచింది అందుకే. షాపులతో పాటు అప్పూ పెరిగింది. ఆ బరువు దించుకోవడానికి 2012లో తొలి బిడ్డ లాంటి పాంటలూన్స్‌నే ఆదిత్య బిర్లా గ్రూపుకు అప్పగించాల్సి వచ్చింది. అది హెచ్చరిక. దాన్ని ఎవరూ హెచ్చరికగా తీసుకోలేదు.

2019లో ఫ్యూచర్ కూపన్స్ అనే గ్రూపు కంపెనీలో అమెజాన్ వాటా కొంది. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి షాపులు మూతపడ్డాయి. ఆ ఆగస్టులో 24,713 కోట్ల రూపాయలకు రిటైల్, హోల్‌సేల్, గోదాముల వ్యాపారాలను రిలయన్స్‌కు అమ్మడానికి ఒప్పందం కుదిరింది. అమెజాన్ అడ్డుపడింది. తగాదా సింగపూర్ ఆర్బిట్రేషన్‌కు, ఢిల్లీ హైకోర్టుకు, సుప్రీంకోర్టుకు తిరిగింది. ఈలోగా అద్దెలు కట్టలేక చాలా షాపుల లీజులు రిలయన్స్ చేతిలోకి వెళ్లాయి. 2022 ఫిబ్రవరి చివర్లో రిలయన్స్ ఆ షాపులను స్వాధీనం చేసుకోవడం మొదలుపెట్టింది. ఎనిమిది వందలకు పైగా షాపులు అలా చేతులు మారాయి. ఏప్రిల్‌లో బ్యాంకులు పాత ఒప్పందాన్ని తిరస్కరించాయి. జులై 20న ముంబయి ఎన్‌సీఎల్‌టీ (కంపెనీ లా ట్రైబ్యునల్) ఫ్యూచర్ రిటైల్‌ను దివాలా ప్రక్రియలోకి పంపింది. కొనే దిక్కు లేక 2024 జులైలో కంపెనీని అమ్మి సొమ్ము చేసుకోమని ఆదేశించింది.

ఇందులో పనివాళ్ల సంగతేమిటి? సుమారు 30 వేల మందికి ఉద్యోగాలిస్తామని రిలయన్స్ ముందుకొచ్చినట్టు అప్పుడు వార్తలొచ్చాయి. నిజంగా మంచి మాటే. ఉద్యోగం నిలబడ్డ ప్రతి ఇంటికీ అది పెద్ద ఊరట. కానీ ఆ మాటతో కథ ముగిసిందనుకోవడం పొరపాటు. వ్యాపారం మొత్తం ఒక యజమాని నుంచి ఇంకో యజమానికి మారితే పాత సర్వీసు లెక్కలోకి వచ్చేలా అప్పుడు అమల్లో ఉన్న పారిశ్రామిక వివాదాల చట్టంలో ఏర్పాటుండేది. ఇక్కడ మారింది చాలాచోట్ల లీజు మాత్రమే. తొమ్మిదేళ్లు చేసినవాడు కొత్త కంపెనీలో మొదటి రోజు ఉద్యోగిగా చేరితే, పాత గ్రాట్యుటీ కోసం దివాలా తీసిన కంపెనీ గడప దగ్గరే నిలబడాలి. పెద్ద బట్టల షాపుల్లో ఇంకో రకం వాళ్లూ ఉంటారు. ఫలానా బ్రాండు చొక్కాల దగ్గర నిలబడి అమ్మే అమ్మాయికి జీతమిచ్చేది ఆ బ్రాండు. వాచ్‌మన్‌నూ ఊడ్చే మనిషినీ పంపేది ఏజెన్సీ. షాపు పేరు వాళ్ల జీతం కాగితంలో ఎక్కడా ఉండదు. షాపు పోతే వాళ్ల పనీ పోతుంది, కానీ షాపు మూసినందువల్ల పోయిన ఉద్యోగాల జాబితాలో వాళ్లుండరు.

నిలబడ్డ కంపెనీల్లోనూ ఉద్యోగం అంత గట్టిదేమీ కాదు. రిలయన్స్ రిటైల్ సిబ్బంది సంఖ్య 2022–23 చివర 2 లక్షల 45 వేలు. ఏడాది తిరిగేసరికి 2 లక్షల 7 వేలు. అమ్మకాలు పెరిగిన ఏడాదే ఇది.

ఇప్పుడు వేలూరు షాపులోకి వద్దాం. అక్కడ పనిచేసే మనిషి చిత్తూరు నుంచి రోజూ వచ్చిపోతున్నా వర్తించేది 1947 నాటి తమిళనాడు షాపుల చట్టం. ఆరు నెలలు ఏకధాటిగా చేసిన మనిషిని సరైన కారణం లేకుండా తీసెయ్యకూడదనీ, తీస్తే నెల రోజుల నోటీసో నెల జీతమో ఇవ్వాలనీ 41వ సెక్షన్ చెబుతుంది. ఆంధ్ర, తెలంగాణల్లో అమలవుతున్న 1988 చట్టం 47వ సెక్షన్ ఇంకో అడుగు ముందుకేసి, చేసిన ప్రతి ఏడాదికి 15 రోజుల జీతం లెక్కన పరిహారం కూడా కలిపింది. ఈ ఒక్క విషయంలో పలమనేరు కొట్టులో చేసేవాడికి కాగితం మీదైనా వేలూరు కొట్టులో చేసేవాడికన్నా కాస్త మెరుగు.

వీటి పైన కేంద్ర చట్టం ఉంది. 50 మంది, అంతకన్నా ఎక్కువ పనివాళ్లున్న సంస్థ మూసెయ్యాలంటే ప్రభుత్వానికి 60 రోజుల ముందు నోటీసివ్వాలి. పనివాళ్లకు ఏడాదికి 15 రోజుల సగటు జీతం లెక్కన పరిహారమివ్వాలి. యజమాని చేతిలో లేని కారణాల వల్ల మూస్తే పరిహారాన్ని మూడు నెలల జీతానికి పరిమితం చెయ్యొచ్చు. అయితే చట్టం రాసినవాళ్లు అక్కడొక వివరణ చేర్చారు: నష్టాలొచ్చాయన్నది అలాంటి కారణం కాదు, సరుకు అమ్ముడుపోక పేరుకుపోయిందన్నదీ కాదు. బట్టల వ్యాపారానికి ఇంతకన్నా సూటిగా తగిలే వాక్యం మన కార్మిక చట్టాల్లో ఇంకోటి లేదేమో. దీపావళికి తెచ్చిన సరుకు సంక్రాంతి దాటినా గోడౌన్‌లోనే ఉండటం ఈ వ్యాపారంలో పతనానికి మొదటి మెట్టు. ఆ నష్టాన్ని కౌంటర్ మనిషి నెత్తిన రుద్దడానికి వీల్లేదని చట్టం ఎప్పుడో చెప్పింది. 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. అందులోనూ ఈ ఏర్పాట్లు కొనసాగాయి.

చట్టంలో పెద్ద కన్నం వేరేచోట ఉంది. ప్రభుత్వం అనుమతిస్తే తప్ప మూయకూడదన్న గట్టి నిబంధన ఫ్యాక్టరీలకు, గనులకు, తోటలకు మాత్రమే. దుకాణాలకు లేదు. అది రాసిన రోజుల్లో వందల షాపులున్న కంపెనీ మూతపడటం గురించి ఎవరూ ఆలోచించినట్టు లేదు. పైగా అమ్మకాల ఉద్యోగి 'వర్క్‌మన్' అవునా కాదా అన్న తగాదా దశాబ్దాలు నడిచింది. మందుల కంపెనీల ప్రతినిధుల కేసులో 1994లో సుప్రీంకోర్టు కాదంది. ఆ తీర్పు నీడ బట్టల కౌంటర్ దాకా పడింది. దివాలా చట్టంలో ఈ తేడాకు విలువ చాలా ఎక్కువ. వర్క్‌మన్ అయితే 24 నెలల బాకీ జీతం తాకట్టు ఉన్న బ్యాంకుల అప్పుతో సమానంగా ముందు వరసలో ఉంటుంది. కాకపోతే 12 నెలల జీతమే, అదీ ఆ తర్వాతి వరసలో. మిగిలేది చాలాసార్లు మొదటి వరసకే సరిపోదు. పీఎఫ్, గ్రాట్యుటీ మాత్రం ఈ పంపకంలోకి రావు, విడిగా చెల్లించాల్సిందే. జెట్ ఎయిర్‌వేస్ ఉద్యోగుల కేసులో ట్రైబ్యునల్, ఆపైన సుప్రీంకోర్టు ఈ మాటను గట్టిపరిచాయి. అసలు పీఎఫ్ కట్టినవాళ్లకు కదా ఆ రక్షణ. కొత్త కోడ్ అమ్మకాల పెంపు ఉద్యోగులను 'వర్కర్' అన్న మాటలో చేర్చింది. కౌంటర్లో చీర చూపించే మనిషి అందులోకి వస్తుందని నియమాల్లో ఒక్క వాక్యం రాస్తే పాత తగాదా తీరుతుంది.

నిలబడి అమ్మే ఈ మనుషుల గురించి తమిళనాడు ఒక మంచి పని చేసింది. వసంతబాలన్ తీసిన 'అంగాడి తెరు' 2010లో వచ్చింది. తెలుగులో 'షాపింగ్ మాల్' పేరుతో మనమూ చూశాం. చెన్నై రంగనాథన్ వీధి బట్టల షాపుల్లో పనిచేసే పిల్లల బతుకు అందులో ఉంది. పదకొండేళ్ల తర్వాత 2021లో షాపు ఉద్యోగులకు కూర్చునే వీలు కల్పించాలని తమిళనాడు శాసనసభ చట్టం సవరించింది. కేరళ 2018లోనే చేసింది. కూర్చోవడానికి ఒక స్టూలు ఇప్పించడానికి శాసనసభ దాకా వెళ్లాల్సి వచ్చిందంటే, షాపు మూసే రోజున వీళ్ల తరఫున మాట్లాడే సంఘం ఎంత బలంగా ఉంటుందో ఊహించుకోవచ్చు. ఫ్యాక్టరీలో ఒకే గేటు ఉంటుంది, అక్కడ ఎర్రజెండా పాతొచ్చు. ఒక్కో ఊరిలో ముప్పై మంది చొప్పున రెండు వందల ఊళ్లలో చెదిరి ఉన్నవాళ్లకు ఆ గేటు లేదు.

ఈ చెదిరి ఉండటాన్ని ఆసరా చేసుకుని చట్టాన్ని ఎలా తప్పించుకోవచ్చో బ్రిటన్‌లో బయటపడింది. అక్కడ 2008 చివర్లో వూల్‌వర్త్స్ కూలింది. 807 షాపులు, 27 వేల ఉద్యోగాలు. ఎథెల్ ఆస్టిన్ అనే చవక బట్టల షాపుల సంస్థ కూడా 2010లో కుప్పకూలింది. అక్కడి చట్టం ప్రకారం ఒకే సంస్థలో 20 మందిని, అంతకన్నా ఎక్కువమందిని తీసేసేటప్పుడు ముందుగా ఉద్యోగులతో చర్చించాలి, లేకపోతే పరిహారమివ్వాలి. కానీ ఒక్కో షాపునూ విడి సంస్థగా లెక్కపెట్టారు. 20 మంది లేని చిన్న షాపుల వాళ్లకు పైసా రాలేదు. పెద్ద షాపులో అదే పని చేసినవాళ్లకు వచ్చింది. ఉద్యోగుల సంఘం కోర్టుల చుట్టూ తిరిగి చివరికి యూరోపియన్ కోర్టుకు వెళితే, 2015 ఏప్రిల్ 30న ఆ కోర్టు కూడా షాపు వారీ లెక్కే సరి అంది. అప్పు లెక్కకు కంపెనీ ఒకటే, ఉద్యోగి లెక్కకు ఎనిమిది వందల కంపెనీలా? ఈ తీర్పు చట్టపరంగా సరైనదే కావచ్చు, న్యాయంగా మాత్రం నాకు మింగుడుపడదు. మన దగ్గరా '50 మంది' అన్న గీత షాపుకా, కంపెనీకా అన్న పేచీ పెట్టడానికి తెలివైన లాయర్‌కు క్షణం పట్టదు.

అదే బ్రిటన్ నుంచి నేర్చుకోవాల్సింది కూడా ఉంది. బీహెచ్‌ఎస్ అనే షాపుల సంస్థను దాని యజమాని ఫిలిప్ గ్రీన్ 2015లో ఒక్క పౌండుకు అమ్మేశాడు. ఏడాదికే అది దివాలా తీసింది. 164 షాపులు, 11 వేల ఉద్యోగాలు పోయాయి, పెన్షన్ నిధిలో పెద్ద లోటు తేలింది. పార్లమెంటు కమిటీ పిలిచి నిలదీసింది. చివరికి 2017లో గ్రీన్ 36.3 కోట్ల పౌండ్లు పెన్షన్ నిధికి కట్టాడు. యజమాని చేతులెత్తేస్తే ఉద్యోగి పరిహారాన్ని ముందు ప్రభుత్వ నిధి చెల్లించి, ఆ తర్వాత కంపెనీ ఆస్తుల్లో ఆ సొమ్ము రాబట్టుకునే పద్ధతి అక్కడ ఉంది. ఏళ్ల తరబడి క్యూలో నిలబడే పని ప్రభుత్వానిది, ఉద్యోగిది కాదు.

ఇక గుడియాత్తం. అమ్మే కొట్టు పడిపోతే మగ్గం ఎలా ఆగుతుందో అర్థం కావాలంటే డబ్బు నడిచే దారి చూడాలి. నేత సహకార సంఘం జిల్లా సహకార బ్యాంకులో క్యాష్ క్రెడిట్ తీసుకుంటుంది. ఆ డబ్బుతో నూలు కొని, సభ్యులకు ఇచ్చి, నేసిన బట్టకు మజూరీ కడుతుంది. బట్ట కో-ఆప్టెక్స్‌కు వెళుతుంది. 1935లో పుట్టిన కో-ఆప్టెక్స్ తమిళనాడు నేత సంఘాలన్నిటికీ పెద్ద సంస్థ. అక్కడ అమ్ముడై డబ్బు తిరిగొస్తే సంఘం అప్పు తీర్చి మళ్లీ నూలు కొంటుంది. ఎక్కడో షోరూమ్‌లో సరుకు కదలకపోతే చెల్లింపు ఆలస్యమవుతుంది, సంఘం మీద వడ్డీ పడుతుంది, క్రెడిట్ పరిమితి నిండిపోతుంది. ఇక నూలు రాదు. నేతగాడికి ఎవరూ ఉద్యోగం తీసేస్తున్నామని చెప్పరు. 'ఈ వారం పడుగు లేదు, వచ్చే వారం రా' అంటారు. ఆ వచ్చే వారం మూడు నెలలవుతుంది. తొలగింపు కాగితం లేని తొలగింపు ఇది. షావుకారు దగ్గర కూలికి నేసేవాళ్లకైతే ఆ సంఘం రికార్డు కూడా ఉండదు.

కో-ఆప్టెక్స్ కూడా నష్టాలు చూసింది. 2012 నుంచి రెండేళ్లకు పైగా ఐఏఎస్ అధికారి సగాయం ఎండీగా ఉన్నప్పుడు దాన్ని లాభాల బాట పట్టించారు. పంచెకట్టుకు ఒక రోజు కేటాయించి యువకుల్ని షోరూమ్‌లకు రప్పించిన ఆలోచన కూడా అప్పటిదే. ఆయన్ను బదిలీ చేసినప్పుడు రాష్ట్రమంతా చర్చ జరిగింది. నాకు అందులో కనపడే పాఠం ఒక అధికారి గొప్పతనం కన్నా పెద్దది. చేనేత షోరూమ్ నష్టంలో ఉంటే మార్కెట్ లేదని అనుకోవడం తొందరపాటు. అమ్మేవాళ్లు సరిగా అమ్మితే కొనేవాళ్లు ఉన్నారని ఆ రెండేళ్లు రుజువు చేశాయి.

లుంగీకి అదనంగా ఒక దెబ్బ ఉంది. 1985 నాటి చేనేత రిజర్వేషన్ చట్టం కింద చేనేతకే కేటాయించిన 11 రకాల్లో లుంగీ కూడా ఒకటి. 1993లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని సమర్థించింది. అయినా మరమగ్గం లుంగీ చేనేత పేరుతో బజారులో యథేచ్ఛగా అమ్ముడవుతోంది. 2009–10 గణనలో దేశంలో చేనేత మీద ఆధారపడ్డవాళ్లు 43 లక్షలు. 2019–20 నాటికి 35 లక్షలు. వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. మూడింట రెండు వంతుల కుటుంబాల నెల రాబడి 5 వేల లోపే. పదేళ్లలో 8 లక్షల మంది తగ్గారు. ఒక్క కంపెనీలో ఇన్ని ఉద్యోగాలు పోతే పార్లమెంటు స్తంభించేది. 2020 జులైలో నేతగాళ్ల గోడు వినడానికున్న అఖిల భారత చేనేత బోర్డును కూడా కేంద్రం రద్దు చేసింది.

ప్రైవేటు షాపులకు సరుకిచ్చే చిన్న ఉత్పత్తిదారుకు ఇంకా కష్టం. 2006 ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం 45 రోజుల్లో డబ్బు చేతికి రావాలి. కట్టకపోతే ఆ ఖర్చును ఆ ఏడాది ఆదాయపు పన్ను లెక్కలో చూపించుకోనివ్వబోమని 2024 ఏప్రిల్ నుంచి కేంద్రం ఒత్తిడి పెంచింది. మంచి నిబంధన. కానీ కొట్టు దివాలా తీశాక దానికి పళ్లుండవు. దివాలా కోర్టుకు వెళ్లాలంటే కనీస బాకీ 2020 మార్చిలో లక్ష నుంచి కోటి రూపాయలకు పెంచారు. ఎనిమిది లక్షలు రావాల్సిన లుంగీ వ్యాపారి ఆ గుమ్మం ఎక్కలేడు. వేరే ఎవరో ఎక్కితే వెనకాల క్లెయిమ్ వేసుకోవచ్చు, ఓటు మాత్రం బ్యాంకులదే.

ఒకే కొనుగోలుదారు మీద ఊరంతా ఆధారపడితే ఏమవుతుందో సిరిసిల్ల చూపించింది. 2017 నుంచి ఏటా తెలంగాణ ప్రభుత్వ బతుకమ్మ చీరల ఆర్డర్ అక్కడి మరమగ్గాలను నడిపించింది. 2024లో ఆ ఆర్డర్ ఆగిపోయాక ఊరు అల్లాడింది, ఆత్మహత్యల వార్తలొచ్చాయి. తర్వాత మహిళా సంఘాల చీరల ఆర్డర్ వచ్చి కొంత ఊపిరి పోసింది. తమిళనాడు 1983 నుంచి పొంగల్‌కు పేదలకు పంచె, చీర పంచుతోంది. ఇప్పుడు ఏటా కోటిన్నరకు పైగా పంచెలు, అన్నే చీరలు. ఇలాంటి పథకాలు ఆపాలని నేననను. కానీ ఆర్డర్ తగ్గించేటప్పుడు మూడు నెలల ముందు చెప్పాలన్న నియమం ఉంటే మగ్గం వేరే రకానికి మార్చుకునే వ్యవధైనా దొరుకుతుంది.

షాపులు తెరవడం, మూయడం వ్యాపారంలో సహజం, ఒకచోట పోయిన ఉద్యోగం ఇంకోచోట పుడుతుందని అనేవాళ్లున్నారు. కొంత నిజం. ఆన్‌లైన్ అమ్మకాలు పెరిగి డెలివరీ పనులు వచ్చాయి. కానీ నలభై దాటిన సేల్స్ మహిళ బైకు మీద పార్సిళ్లు మోయదు. ఇరవై ఏళ్లు చీరల రకాలు చూసి, ఆరణి పట్టుకూ కంచి పట్టుకూ అంచు పట్టుకుని తేడా చెప్పగల చేతికి గోడౌన్‌లో బార్‌కోడ్ అంటించే పని ఇస్తే, ఆ నేర్పు విలువ సున్నా అవుతుంది. ఉద్యోగాల సంఖ్య సరిపోవచ్చు, ఆ మనిషి రాబడి మాత్రం తిరిగి రాదు.

కొత్త కోడ్‌లో ఒక మంచి ఏర్పాటుంది. తొలగించిన ప్రతి వర్కర్ పేరున యజమాని 15 రోజుల జీతం ఒక నిధికి జమ చెయ్యాలి, అది ఆ మనిషి ఖాతాలో పడాలి. కోడ్ అమలుకు తమిళనాడు నియమాల్లో రెండు మాటలు స్పష్టంగా ఉండాలని నా కోరిక. 50 మంది లెక్క షాపుకు కాదు, రాష్ట్రంలో ఆ కంపెనీకున్న అన్ని షాపులకూ కలిపి. బ్రాండ్ల తరఫున, ఏజెన్సీల ద్వారా వచ్చి అక్కడ పనిచేసేవాళ్లు కూడా ఆ లెక్కలో ఉండాలి. నేత సంఘాలకు రావాల్సిన బాకీలో మజూరీ భాగాన్ని జీతంగా పరిగణించాలన్నది మూడోది. అది పార్లమెంటు దివాలా చట్టంలో మార్చాల్సిన సంగతి.

ఈలోగా వేలూరు కౌంటర్లో ఉన్నవాళ్లు తెలుసుకోవాల్సింది ఒకటుంది. ఈఎస్‌ఐ కట్టిన ఉద్యోగి పని పోగొట్టుకుంటే, 2018లో మొదలైన అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన కింద 90 రోజుల దాకా సగటు జీతంలో సగం వస్తుంది. జీవితంలో ఒక్కసారే దక్కుతుంది, దరఖాస్తు పెడితేనే. షాపు మూసే ముందే ఈఎస్‌ఐ నంబరు, పీఎఫ్ యూఏఎన్ నంబరు, ఆఖరి ఆరు నెలల జీతం చీటీలు చేతిలో ఉంచుకోవాలి. షట్టర్ దించాక ఆ కాగితాలు లోపలి కంప్యూటర్లో ఉండిపోతాయి, లిక్విడేటర్ ఆఫీసు ముంబయిలో ఉంటుంది.